షటిల్‌కు ముందు కాఫీ: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను, నేను పేరున్న క్రీడాకారిణిని కాను. రాజమహేంద్రవరంలో ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. వారానికి ఐదు రోజులు తెల్లవారుజామున షటిల్ ఆడతాను. ఏడాదికి రెండో మూడో చిన్న టోర్నమెంట్లలో ముప్పై అయిదు దాటినవారి డబుల్స్‌కు పేరు ఇస్తాను. వయసు 42, బరువు 60 కిలోలు. బరువు కూడా ఎందుకంటే, కెఫీన్ లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

మా కోర్టులో ఆట అయ్యాక కాఫీ తాగడం అందరికీ అలవాటు. ముందు తాగాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. నా సమస్య మూడో గేము. మొదటి రెండు గేముల్లో వెనక్కి పరుగెత్తి కొట్టిన టాస్‌లు, అంటే కాక్‌ను ఎత్తుగా అవతలి చివరికి పంపే దెబ్బలు, మూడోదానికి వచ్చేసరికి సగం కోర్టులోనే పడేవి, అవతలివాళ్లకు స్మాష్‌కు అనువుగా. నా జోడీ అమ్మాయి ఒకరోజు నవ్వుతూనే అంది, “అక్కా, పదకొండు పాయింట్లు దాటాక మీరు కోర్టులో ఉంటారు, కాళ్లు ఇంటికి వెళ్లిపోతాయి.” ఆ మాట గుచ్చుకుంది. మర్నాటి నుంచి అయిదు గంటలకు కాఫీ తాగి, పావు తక్కువ ఆరుకు కోర్టులో దిగడం మొదలుపెట్టాను.

మొదటి వారం అద్భుతం. నమ్మకండి. ఏది కొత్తగా మొదలుపెట్టినా మొదటి వారం అద్భుతంగానే ఉంటుంది. అందుకే రెండో వారం నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను: ఏం తాగాను, ఎన్నింటికి, మూడో గేములో ఏమైంది, రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది. ఇక్కడ రాసేదంతా దానిలోంచే.

కెఫీన్ చేసే పని నాకు అర్థమైనంతలో ఇది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాలను, అంటే కణాల మీద దాన్ని అందుకునే చోట్లను, చేరితే మగత, అలసట తెలుస్తాయి. కెఫీన్‌కు దాని పోలిక ఉంది కాబట్టి ముందే వెళ్లి ఆ చోట కూర్చుంటుంది. ఒంట్లోని అలసట ఎక్కడికీ పోదు. అలసిపోయామన్న కబురు మాత్రం ఆలస్యంగా అందుతుంది. మూడో గేములో నాకు కావలసింది సరిగ్గా ఆ ఆలస్యమే.

ఎంత తీసుకోవాలన్నదే చిక్కు. క్రీడాపోషణ నిపుణులు సాధారణంగా చెప్పే మోతాదు కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు, ఆటకు సుమారు గంట ముందు. నా బరువుకు అది 180 నుంచి 360. ఇటు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు దాటవద్దంటాయి. అంటే క్రీడాకారుల పై మోతాదు ఒక్కసారి మింగితే నా రోజు కోటా తెల్లవారకముందే అయిపోయి, అప్పు కూడా మిగులుతుంది. ఆ మార్గదర్శకాల ప్రకారమే 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది.

చదవడానికి తేలికగానే ఉంది. మా ఇంటి ఫిల్టరు దగ్గరికి వస్తే లెక్క తప్పుతుంది. మేము కొనే పొడిలో నూటికి ముప్పై పాళ్లు చికోరీ, అంటే ఒక మొక్క వేరును వేయించి కొట్టిన పొడి. చికోరీలో కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ చేదూ దానివి. డికాక్షన్ నల్లగా దిగితే కాఫీ ఘాటుగా ఉందనుకోవడం మన భ్రమ. పైగా గింజను బట్టి కూడా తేడా ఉంది. కాఫీ గింజల్లో ముఖ్యంగా రోబస్టా, అరబికా అని రెండు రకాలు. రోబస్టాలో కెఫీన్ ఇంచుమించు అరబికాకు రెట్టింపు. మన అరకు కాఫీ అరబికా. రుచిలో దానికి సాటి లేదంటాను గానీ, మోతాదు కోసమే తాగేవాళ్లకు అది పొదుపైన దారి కాదు. ఇక రెండో డికాక్షన్ సంగతి చెప్పనక్కరలేదు. అది అతిథి మర్యాదకు తప్ప షటిల్‌కు పనికిరాదు.

మూడు నెలల తర్వాత మావారికి అనుమానం వచ్చింది, ఇదంతా నా ఊహేనేమోనని. పరీక్ష ఆయనే పెట్టారు. ఇన్‌స్టంట్ కాఫీలో మామూలుది ఒక సీసా, కెఫీన్ తీసేసినది ఒక సీసా తెప్పించారు. రోజూ నాణెం ఎగరేసి, ఏది పడితే అది రెండు చెంచాలు, పాలూ చక్కెరా సమానంగా వేసి ఇచ్చేవారు. ఏది తాగానో నాకు తెలియదు. ఆట అయ్యాక నా అంచనా నేను రాయాలి, అసలు సంగతి ఆయన విడిగా రాసుకోవాలి. ఇరవై నాలుగు రోజులు చేశాం. పదిహేను రోజులు సరిగ్గా చెప్పాను, తొమ్మిది రోజులు బోల్తా పడ్డాను. దీన్ని శాస్త్రం అనను, మా వంటింటి పరీక్ష.

నన్ను ఆలోచనలో పడేసినవి ఆ తొమ్మిది రోజులే. కెఫీన్ లేని కాఫీ తాగి, ఉందని నమ్మిన రోజుల్లో మొదటి గేము దివ్యంగా ఆడాను. నెట్ మీదుగా అడ్డంగా దూసుకొచ్చే డ్రైవ్‌లకు ఎదురు నిలబడ్డాను, నోరు కూడా ఎక్కువే లేచిందట. మూడో గేములో మాత్రం పాత కథే. నిజంగా కెఫీన్ పడిన రోజుల్లో మొదటి గేములో చెప్పుకోదగ్గ తేడా లేదు, మూడోదానిలో ఉంది. వెనక్కి వేసే అడుగు ఒకటి ముందే పడుతుంది, టాస్ చివరి గీత దాకా వెళుతుంది. నమ్మకం మొదటి గేముకు సరిపోతుంది, మూడోదానికి చాలదు.

స్పెయిన్‌లో మేటి బ్యాడ్మింటన్ ఆటగాళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలోనూ కిలోకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న పానీయంతో ఎగిరే ఎత్తు, ఆటలో కదలిక పెరిగాయి. కాళ్ల పని బాగుపడిందన్నమాట, నా నోటుపుస్తకం చెప్పేదీ అదే. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహారా 110 నిమిషాలు ఆడారు. అలాంటి ఆట చూస్తే ఆ చివరి అరగంట దేనితో ఆడతారా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి చేసిన సాధనతోనే, సందేహం లేదు. మా పక్క అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాడు. అది ఏ కాఫీతోనూ రాదు. నా స్మాష్ రెండున్నరేళ్ల క్రితం ఎంతో, ఇప్పుడూ అంతే.

ఇక నష్టాల సంగతి. మొదటిది చెయ్యి. ఒక టోర్నమెంటుకు కాఫీ మోసుకెళ్లలేక 200 మిల్లీగ్రాముల కెఫీన్ మాత్రలు కొన్నాను. మా ఆట సాయంత్రం ఆరున్నరకు. అయిదున్నరకు ఒక మాత్ర మింగాను, పగలు తాగిన రెండు కాఫీలు లెక్కలో వేసుకోలేదు. పరుగుకు లోటు లేదు. అయితే షార్ట్ సర్వీసుకు కాక్ పట్టుకున్న వేళ్లు సన్నగా వణికాయి. నెట్‌కు ఆనించి దాటించాల్సిన కాక్ అరచెయ్యి ఎత్తున లేచింది, అవతలామె చంపేసింది. మరో రెండు నెట్‌లో పడ్డాయి. డబుల్స్‌లో సగం ఆట సర్వీసులోనే ఉంటుంది. ఓడాం, 21-17, 21-19. “అక్కా, ఈరోజు కాళ్లు కోర్టులోనే ఉన్నాయి, చేతులు వెళ్లిపోయాయి” అంది నా జోడీ అమ్మాయి. అప్పటి నుంచి నా ఒంటికి హద్దు కిలోకు 2 మిల్లీగ్రాములు, అంటే 120. పరుగే ప్రధానమైన సింగిల్స్ వారు ఇంకొంచెం తట్టుకుంటారేమో. నెట్ దగ్గర ఆడేవారికి నేను సిఫారసు చెయ్యను.

రెండోది ఆ రాత్రి. కెఫీన్ సగానికి తగ్గడానికి చాలామందికి సుమారు అయిదు గంటలు పడుతుంది. అయిదున్నరకు మింగిన 200లో పదిన్నరకు వంద మిగిలే ఉంది. అంటే పక్క ఎక్కేముందు ఒక మంచి ఫిల్టరు కాఫీ తాగినట్టే. రెండు గంటల దాకా పైకప్పు చూస్తూ ఆ సర్వీసులనే మళ్లీ మళ్లీ వేశాను. మర్నాడు ఉదయం ఇంకో ఆట ఉంది. నిద్రలేని కళ్లతో వెళ్లి, అదీ ఓడి వచ్చాం. ఎవరైనా అడిగితే, మధ్యాహ్నం తర్వాత ఆడే ఆటకు కెఫీన్ వద్దని ఒకే మాటగా చెబుతాను. పొగతాగేవారిలో అది త్వరగా కరిగిపోతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో నెమ్మదిగా. పక్కవారి అనుభవం మనకు కొలత కాకపోవడానికి ఇదొక కారణం.

మూడోది నేను అసలు ఊహించనిది. ఏడాదిన్నర గడిచాక మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. మూడో గేము మళ్లీ పాత దారి పట్టింది. కెఫీన్ పని చేయడం మానేసిందనుకుని మరో అర గ్లాసు పెంచాను. చివరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. ఆడవారికి 12 ఉండాలి. డాక్టరమ్మ మొదటి ప్రశ్నే, “టిఫిను తినగానే కాఫీ తాగుతారా?” తాగుతాను. ఆటకు ముందొకటి, ఇడ్లీ తర్వాత ఒకటి, భోజనమయ్యాక టీ. కాఫీ, టీలలోని పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. జాతీయ పోషకాహార సంస్థ భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీ మానమనేది ఇందుకే. నా రక్తహీనతకు కాఫీ ఒక్కటే కారణం కాదని డాక్టరమ్మే అన్నారు. అయినా అలసట తెలియకుండా ఉండాలని తాగినది అలసటకు ఒక చెయ్యి వేసిందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇనుము మాత్రలతో నాలుగు నెలలకు 12.1కి చేరాను. ఆ నాలుగు నెలల్లో మూడో గేముకు జరిగిన మేలు కాఫీతో ఎన్నడూ జరగలేదు.

ఆ సమయంలోనే ఒకసారి కాఫీ పూర్తిగా ఆపి చూశాను. రెండో రోజు తల పగిలిపోయింది. పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని కళ్లు మూసుకు నిలబడ్డాను. వారానికి తగ్గింది. ఆపాలనుకునేవారు పరీక్షల వారంలో ఆపకండి, కొంచెం కొంచెంగా తగ్గించండి.

డబ్బా ఎనర్జీ డ్రింకులు మూడుసార్లు తాగాను, చాలు. మన దేశంలో వాటిలో కెఫీన్ లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 దాకా అన్నమాట. మా ఇంటి కాఫీకి మించి అందులో ఉన్నది చక్కెర, గ్యాసు. గ్యాసుతో వంగి నెట్ దగ్గర కాక్ లేపి చూడండి, తెలుస్తుంది. పిల్లలకు తగదని దాని మీదే రాసి ఉంటుంది. అయినా మా కోర్టుకు వచ్చే పదమూడేళ్ల కుర్రవాడి సంచిలో ఒకటి కనిపించింది. వాళ్ల నాన్నగారికి చెప్పాను. ఆయన నన్ను, నా చేతిలోని ఫ్లాస్కును మార్చి మార్చి చూశారు.

మా కోర్టులో పెద్దవారు ఒకాయన, అందరికీ బాబాయి గారే, నన్ను నిలదీశారు. “అమ్మా, ఇది మత్తుమందు వాడి ఆడినట్టు కాదూ?” కాదు. ఒకప్పుడు మూత్రంలో హద్దు దాటితే తప్పుగా పట్టేవారు. 2004 నుంచి ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ నిషేధిత జాబితాలో కెఫీన్ లేదు, గమనింపులో మాత్రం ఉంచారు. ఈ మాట చెప్పినా ఆయనకు తృప్తి కలగలేదు. అరవై ఎనిమిదేళ్ల ఆయన రాగిజావ తాగి వచ్చి మాతో మూడు గేములూ ఆడతారు. వాదించడానికి నా దగ్గర సరుకు లేకపోయింది.

ఇప్పుడు నా పద్ధతి: వారంలో మూడు రోజులు, మూడు గేములు గట్టిగా ఆడే రోజుల్లోనే, అయిదింటికి మొదటి డికాక్షన్‌తో ఒక కాఫీ. మిగతా రెండు రోజులు మజ్జిగ. టిఫిను తొమ్మిదింటికి, దాని దరిదాపుల్లో కాఫీ లేదు. టోర్నమెంటు సాయంత్రమైతే మంచినీళ్లే. మాత్రల సీసా బీరువాలో ఉంది. అరవైలో తొమ్మిది వాడాను, గడువు వచ్చే మార్చితో తీరిపోతుంది.