బరంపురం బజారు సంచి శ్రీలంక తీరానికి పనికొస్తుందా?
బరంపురం బజారులో దొరికే ఈ 50 లీటర్ల సంచికి కుట్టు గట్టిది, నడుం పట్టీ మెత్తన. కొలంబో ఫోర్ట్ నుంచి గాలే, మాతర దాకా సముద్రం పక్కనే రైల్లో వెళ్తూ స్నేహితుల ఇళ్లలో ఆగేవాళ్లకు ఈ సైజు చాలు.

బాధంతా జిప్పుతోనే. ఉప్పుగాలికి ఇనుప రన్నరు తుప్పు పడుతుంది, పళ్ల మధ్య ఉప్పు పేరుకుని సగంలో బిగుసుకుంటుంది. రాత్రి మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక కొవ్వొత్తి రుద్దాలి. అసలు కొనేముందే ప్లాస్టిక్ జిప్పు వేయించుకోండి, అదే మేలు. బరువైనవి వీపుకు ఆనించి నడిమిన సర్దకపోతే భుజాలు లాగేస్తాయి. వాన కవరు విడిగా కొనాలి. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ నైరుతి వానలే.

అదే తీరంలోని కోస్గొడలో సముద్రపు తాబేళ్ల సేవకు వెళ్తుంటే, జీతం లేని పనైనా టూరిస్టు వీసా సరిపోతుందనుకోవద్దు, ముందే అడిగి తేల్చుకోండి. బరంపురం దగ్గరి రుషికుల్య నది ఒడ్డున తాబేళ్లను చూసినవాళ్లకు తెలిసిందే: తెల్ల టార్చి వద్దు, ఎర్రకాంతిది పై జేబులో పెట్టుకోండి.