యోసెమిటీ చలికాలం ప్రయాణానికి కేబుల్ చైన్లు: కొన్ని సీజన్లు వాడాక

కాలిఫోర్నియాలో బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఉండే మనవాళ్ళకి డిసెంబరు సెలవులు వచ్చాయంటే, అందులోనూ ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, మొదట గుర్తొచ్చేది యోసెమిటీ నేషనల్ పార్కు. సుమారు నాలుగు గంటల డ్రైవు. హోటలు బుకింగు, స్వెట్టర్లు, పులిహోర అన్నీ వారం ముందే సిద్ధమవుతాయి. మంచు మీద జారకుండా టైర్లకి తగిలించే చైన్ల మాట మాత్రం కొండ ఎక్కేటప్పుడు బోర్డు కనిపించాకే వస్తుంది. పార్కు దగ్గరి ఊళ్ళలో చైన్లు అమ్ముతారు, కానీ మన సైజు ఉంటుందన్న నమ్మకం లేదు, ధర కూడా ఎక్కువే. అందుకే మా క్యామ్రీకి కేబుల్ రకం చైన్లు ముందే కొని డిక్కీలో పెట్టేశాను. కొన్ని చలికాలాలుగా వాడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: చలికాలం యోసెమిటీకి వెళ్ళాలంటే అన్నిటికంటే ముందు కొనాల్సింది ఇదే.

ముందు రూల్స్ సంగతి. కాలిఫోర్నియాలో చైన్ కంట్రోల్, అంటే మంచు రోడ్ల మీద చైన్లు తప్పనిసరి చేసే నియమం, మూడు స్థాయిల్లో ఉంటుంది. ఆర్1 అంటే, స్నో టైర్లున్న మామూలు కార్లు చైన్లు వేయకుండానే వెళ్ళొచ్చు. టైరు మీద ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని ఉండి, అరుగుదల పెద్దగా లేకపోతే దాన్ని స్నో టైరుగానే లెక్కేస్తారు. ఆర్2లో నాలుగు చక్రాలకీ అలాంటి టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకే మినహాయింపు. ఆర్3లో ఎవరికీ మినహాయింపు లేదు. అంత దాకా వస్తే చాలాసార్లు రోడ్డే మూసేస్తారు. మనవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: ‘మాది ఆల్ వీల్ డ్రైవ్, చైన్లెందుకు?’ మినహాయింపు చక్రాలకి తగిలించడం నుంచే. చైన్ కంట్రోల్ ఉన్న చోటికి వెళ్ళే ప్రతి బండిలోనూ చైన్లు ఉండి తీరాలి, అద్దె కారైనా సరే. చాలా అద్దె కంపెనీలేమో చైన్లు వేయకూడదని కాంట్రాక్టులో రాస్తాయి. కారు తీసుకునే ముందే ఆ పేజీ చదివి, అడిగి తెలుసుకోండి. కుదరకపోతే మెర్సెడ్ ఊరి నుంచి 140వ నంబరు హైవే మీదుగా పార్కుకి యార్ట్స్ అనే బస్సు ఏడాది పొడవునా నడుస్తుంది. పెద్దవాళ్ళతో, అద్దె కారుతో వెళ్ళేవాళ్ళకి నేను ఆ బస్సే చెబుతాను.

ఇక చైన్ల విషయం. మామూలు ఇనుప గొలుసుల కంటే కేబుల్ రకం సన్నగా, తేలిగ్గా ఉంటుంది. సెడాన్లలో టైరుకీ లోపలి భాగాలకీ మధ్య జాగా తక్కువ కాబట్టి చాలా కార్ల మాన్యువల్లో ‘క్లాస్ ఎస్’ (తక్కువ జాగా ఉన్న కార్లకి సరిపోయే) రకమే వాడమని ఉంటుంది. పెద్ద రిమ్ములున్న కొన్ని మోడళ్ళకైతే అసలు వేయొద్దని రాస్తారు. కొనేముందు మాన్యువల్ చూడండి, టైరు పక్కనున్న సైజు అంకెలన్నీ డబ్బా మీది పట్టికతో సరిపోల్చుకోండి. టైర్లు మార్చినప్పుడు సైజు మారితే పాత చైన్లు పనికిరావు.

పట్టు విషయంలో నాకు తృప్తిగానే ఉంది. తాజా మంచు మీద, తొక్కుడు పడి గట్టిపడిన మంచు మీద బండి నిలకడగా కదులుతుంది. నున్నటి ఐస్ మీద మాత్రం గొలుసు రకమే మేలు, అందులో సందేహం లేదు. ఐస్ తగిలిన చోట వేగం ఇంకా తగ్గిస్తాను. పార్కులో చైన్లతో గంటకి 25 మైళ్ళు దాటకూడదు, అసలు అంతకు మించి వెళ్ళాలని కూడా అనిపించదు.

తగిలించడం చదివితే సులువు, చలిలో వేరే సంగతి. మాది ఫ్రంట్ వీల్ డ్రైవ్, కాబట్టి ముందు చక్రాలకి. చిక్కులు విప్పి, టైరు మీద దుప్పటిలా పరిచి, లోపలి వైపు కేబుల్ కొక్కెం ముందు పెట్టాలి. చెయ్యి టైరు వెనక్కి పోనిచ్చి కంటికి కనిపించకుండా పెట్టాలి, కష్టమంతా అక్కడే. తర్వాత బయటి కొక్కెం, చివర్న రబ్బరు టెన్షనర్. ఒకసారి 41వ హైవే మీద చింకపిన్ దగ్గర, బండి పక్కకి ఆపుకునే టర్నౌట్‌లో, నీళ్ళూ మంచూ కలిసిన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఇదంతా చేస్తుంటే, టార్చి పట్టుకున్న మా బావమరిది ‘బావా, కొక్కెం కొస లోపలికి తిరిగిందేమో చూడు’ అన్నాడు. నిజమే, తిరిగింది. ఆ కొస టైరు వైపు ఉంటే రబ్బరుని కోసేస్తుంది, ఎప్పుడూ బయటికే ఉండాలి. వంద గజాలు నడిపి, ఆపి, మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు వదిలేసినవాళ్ళవే ఎక్కువగా ఊడిపోతాయి. టపటపమని బాడీకి కొట్టుకునే చప్పుడు వస్తే వెంటనే పక్కకి ఆపండి. ఇంటి డ్రైవ్‌వేలో పగటిపూట రెండు మూడుసార్లు వేసి తీసి చూసుకుంటే అక్కడ టెన్షన్ ఉండదు.

మన్నిక ఫర్వాలేదు. మంచు, ఖాళీ తారు మార్చి మార్చి వచ్చే రోడ్డు మీద అడ్డ కేబుళ్ళ చుట్టూ ఉన్న ఉక్కు చుట్లు అరిగాయి. రబ్బరు టెన్షనర్ సాగిపోతే అదొక్కటే విడిగా కొని మార్చాను. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, గ్యారేజీలో వేలాడదీసి ఆరబెడతాను. తడిగా సంచీలో వదిలేస్తే తుప్పు పట్టేస్తాయి. చైన్లతో పాటే నీళ్ళు దిగని గ్లవ్స్, తలకి తగిలించుకునే లైటు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి మందపాటి పట్టా ఉంచుతాను. మూడూ లేకుండా ఆ పని చేయలేం.

చైన్లున్నాయని ఏ రూటైనా ఒకటే అనుకోవద్దు. బే ఏరియా నుంచి మ్యాప్ ఎక్కువగా 120వ హైవే చూపిస్తుంది. అది క్రేన్ ఫ్లాట్ దగ్గర 6,000 అడుగులు దాటుతుంది. 41 కూడా చింకపిన్ దగ్గర దాదాపు అంత ఎత్తుకి వెళ్తుంది. మారిపోసా మీదుగా మెర్సెడ్ నది వెంట వెళ్ళే 140 ఈ మూడింట్లో తక్కువ ఎత్తులో ఉంటుంది. అందరూ చూడటానికి వెళ్ళే యోసెమిటీ వ్యాలీ ఉండేది 4,000 అడుగుల దగ్గర. మంచు సూచన ఉంటే నేను కాస్త చుట్టయినా 140కే వెళ్తాను. తూర్పు వైపు టియోగా రోడ్డు మామూలుగా నవంబరు నుంచి మే చివరి దాకానో జూన్ దాకానో మూసి ఉంటుంది, దాని మీద ప్లాన్ వేయొద్దు.

బయల్దేరే ఉదయం 209-372-0200కి ఫోన్ చేసి 1, మళ్ళీ 1 నొక్కితే పార్కు లోపలి రోడ్ల పరిస్థితి రికార్డింగ్ వినిపిస్తుంది. బయటి హైవేలకి క్యాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రవాణా శాఖ) వాళ్ళ క్విక్‌మ్యాప్ యాప్ చూడండి. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వ్యాలీలో గ్యాస్ స్టేషన్ లేదు, మారిపోసాలోనే ట్యాంకు నింపేస్తాను. దుప్పట్లు, నీళ్ళు, పెద్దవాళ్ళ బీపీ, షుగరు మందులు డిక్కీలో కాకుండా చేతికందే చోట ఉండాలి. మంచులో బండి ఇరుక్కుని హీటరు వేయాల్సి వస్తే ముందు దిగి, పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. డిసెంబరులో అయిదు లోపే పొద్దు గుంకుతుంది. నీడ పడే మలుపుల్లో కరిగిన నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయి. అందుకని మధ్యాహ్నం మూడుకల్లా వ్యాలీ నుంచి బయటపడేలా చూసుకుంటాను.

2023 ఫిబ్రవరి 25న భారీ మంచుకి పార్కే మూసేశారు, కొంత భాగం మార్చి 18కి గానీ తెరుచుకోలేదు. అలాంటి సూచన వస్తే చైన్ల ధైర్యం పనికిరాదు. అందుకే ఎప్పుడూ డబ్బు తిరిగొచ్చే బుకింగే చేస్తాను, అది రెండు డబ్బులు ఎక్కువైనా సరే.

ఈ సెట్టులో చుట్లు బాగా అరిగాయి కాబట్టి వచ్చే సీజనుకి కొత్తది తీసుకుంటున్నాను. మళ్ళీ కేబుల్ రకమే, క్లాస్ ఎస్సే. ఈసారి దానంతట అదే బిగుసుకునేది చూస్తున్నాను, ధర ఎక్కువే అయినా ఆ రెండో బిగింపుకి చలిలో మళ్ళీ వంగాల్సిన అవసరం తగ్గుతుందని.