మోరిస్ మైనర్ బ్రేకు భాగాలు: ఏళ్ల వాడకం మీద నా అభిప్రాయం

మోరిస్ మైనర్ అంటే బ్రిటిష్ కంపెనీ మోరిస్ చేసిన పాతకాలపు చిన్న కారు. నాది 1962 తర్వాత వచ్చిన 1098 సీసీ ఇంజిన్ రకం. దీన్ని ఊరికే షెడ్డులో పెట్టుకోను, నడుపుతాను. అందుకే ఈ ఏళ్లలో దాని బ్రేకుల్లో మార్చని భాగం దాదాపు లేదు. పాత స్టాకులో మిగిలిపోయిన కంపెనీ భాగాలు తెప్పించాను, ఇప్పుడు కొత్తగా తయారవుతున్నవీ వాడాను, బండిలోంచి విప్పిన వాటినే బాగు చేయించి మళ్లీ బిగించాను. నా లెక్కలో ఇనుము పాతదైనా పర్వాలేదు, రబ్బరు మాత్రం కొత్తదే కావాలి. బ్రేక్ ఆయిల్‌ను నెట్టే సిలిండర్ల విషయంలో అయితే, మన బండివే బాగు చేయించుకోవడం అన్నిటికన్నా మేలు.

కొనేటప్పుడు ఎవరైనా ముందు అడిగేది బండి ఏ సంవత్సరానిదని. ఆ ఒక్క సమాధానం సరిపోదు. మైనర్లు 1948 నుంచి 1971 దాకా తయారయ్యాయి. ముందు చక్రాల డ్రమ్ములు (చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటివి, బ్రేకు షూలు లోపల నుంచి వీటికి ఒత్తుకుంటాయి) మొదట్లో 7 అంగుళాలవి, 1098 ఇంజిన్‌తో పాటు 8 అంగుళాలకు పెరిగాయి. వెనకవి 7 అంగుళాలే. ఇన్ని దశాబ్దాల్లో ఎవరో ఒకరు ముందు భాగం మొత్తం వేరే బండిది తెచ్చి బిగించి ఉండవచ్చు. డ్రమ్ము ఊడదీసి, వెర్నియర్ పెట్టి కొలిచి, సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) కూడా చూసుకుని అప్పుడే ఆర్డర్ పెట్టాలి.

పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మైనర్‌లో అది డ్రైవర్ కాళ్ల కింద, ఛాసిస్ దూలం లోపల ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే బోల్టులు బయటికి రావాలంటే పక్కనే ఉన్న టార్షన్ బార్ (సస్పెన్షన్ స్ప్రింగుగా పనిచేసే కడ్డీ) అడ్డం. అంత కష్టపడి విప్పాక చవకగా దొరికిందని ఏదో ఒకటి పెట్టి మళ్లీ విప్పే ఓపిక ఎవరికి ఉంటుంది? బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి లోపలి గోడకు తుప్పు పట్టి చిన్న చిన్న గుంటలు పడతాయి. మరక మాత్రమే ఉంటే హోనింగ్‌తో, అంటే లోపలి గోడను సన్నగా సాన పడితే, పోతుంది. గోరు తగిలితే ఆగేంత గుంట ఉంటే పోదు. నేను లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ (సన్నని గొట్టం) వేయించి, బోరును అసలు కొలతకే తెప్పించాను. అప్పటి నుంచి ఒక్క చుక్క కూడా కారలేదు.

స్లీవ్ వేయించి తెచ్చుకున్నాక బిగించే ముందు ఒకటి చూడాలి. సిలిండర్ గోడలో, రిజర్వాయర్ నుంచి ఆయిల్ దిగే చోట, సూదిమొనంత రంధ్రం ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు ఒత్తిడి ఆ దారినే వెనక్కి పోవాలి. స్లీవ్ వేసినవాళ్లు దానికి ఎదురుగా కొత్త రంధ్రం వేసి, లోపలి అంచు నునుపు చేయాలి. టార్చి వేసి చూడండి, రంధ్రం పూర్తిగా తెరుచుకుని కనపడాలి. అంచు గరుకుగా ఉంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పును కోసేస్తుంది. రంధ్రం మూసుకుపోతే బ్రేకులు పట్టుకునే ఉండిపోతాయి.

చక్రం దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్లు కొత్తగా తయారైన వాటిలో కొన్ని బాగున్నాయి, కొన్నిటిని నమ్మలేం. ఒకటి తెప్పిస్తే పైపు నట్టు చేత్తోనే వదులుగా తిరుగుతూ లోపలికి పోయింది. ఈ బండి పైపు నట్లు అంగుళంలో 3/8 కొలత, అంగుళానికి 24 మరలు. వచ్చిన సిలిండర్‌లో 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర తీశారు. రెండిటిలోనూ మరల మధ్య దూరం దాదాపు ఒకటే కావడంతో పట్టినట్టే అనిపిస్తుంది, గట్టిగా బిగిస్తే మర కోసుకుపోతుంది. అమ్మినవాళ్లు సరిపోతుందనే వాదించారు. బ్రేకు విషయంలో అంత తేలిగ్గా మాట్లాడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

హోస్ గొట్టాలు మాత్రం పాత స్టాకువి ఎంత మెరుస్తున్నా కొనకండి. రబ్బరు డబ్బాలో ఉన్నా ముదురుతుంది. లోపలి పొర ఉబ్బితే పెడల్ బలానికి ఆయిల్ చక్రం వైపు పోతుంది కానీ తిరిగి రాదు, ఆ చక్రం వేడెక్కుతుంది, బండి ఓ పక్కకి లాగుతుంది. చాలామంది అప్పుడు సిలిండర్ మారుస్తారు. ముందు ఆ చక్రం బ్లీడర్ (ఆయిల్‌ను బయటికి వదిలే స్క్రూ) వదులు చేసి చూడండి. చక్రం వెంటనే తేలికగా తిరిగిందంటే ఒత్తిడి లోపలే చిక్కుకుంది. అప్పుడు మొదట అనుమానించాల్సింది హోస్‌నే. ఇనుప పైపుల స్థానంలో నేను రాగి-నికెల్ మిశ్రమం పైపులు వేయించాను, తుప్పు గొడవ పోయింది.

షూల విషయంలో పాత డబ్బాల్లోవి ఆకర్షణీయంగానే ఉంటాయి, కానీ వాటి లైనింగులో (డ్రమ్ముకు రాసుకునే పొరలో) ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. వాటిని వాడకండి. డ్రమ్ములో పాత ధూళి ఉంటే గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. నేను బండి అసలు షూలకే ఆస్‌బెస్టాస్ లేని లైనింగు అతికించి, డ్రమ్ము వంపుకు సరిపోయేలా సాన పట్టించాను. కొత్తగా తయారైన షూలకు సుద్ద రాసి డ్రమ్ములో తిప్పి చూస్తే రెండు కొసల్లోనే చెరిగింది. అలాంటివి అరిగి కుదురుకునేదాకా పెడల్‌లో పట్టు రాదు. ముందు చక్రానికి రెండేసి సిలిండర్లుండి, బండి ముందుకు వెళ్లేటప్పుడు రెండు షూలూ డ్రమ్ము తిరిగే ఊపుతోనే గట్టిగా పట్టుకునే అమరిక ఇది. రివర్స్‌లో ఆ సాయం ఉండదు. ఎత్తు నుంచి వెనక్కి దిగేటప్పుడు పెడల్ ఇంకాస్త గట్టిగా తొక్కాల్సి వస్తే అది కొత్త భాగాల లోపం కాదు.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 (డాట్ అంటే ఆయిల్ ప్రమాణం పేరు) పోస్తున్నాను, రెండేళ్లకోసారి మారుస్తాను. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. డాట్ 5 సిలికాన్ రకం, డాట్ 5.1 కాదు. పేర్లు చూసి కలిపేయకండి.

స్ప్రింగులు, అడ్జస్టర్లు పాత స్టాకువే బాగా పనిచేశాయి. ఇప్పుడు వెతుకుతున్నది వెనక డ్రమ్ముల జత. నావి లేత్ మీద ఇప్పటికే కోయించినవి, గోడ పలచబడింది, ఇక కోయించను. అవి పోత ఇనుమువి కాబట్టి పాత స్టాకువి దొరికితే అవే తీసుకుంటాను. డయల్ గేజ్ పెట్టి గుండ్రంగా ఉన్నాయో లేదో చూశాకే డబ్బు ఇస్తాను.