ట్రాట్‌స్కీ, స్టాలిన్ ఒకే అరలో: కోటగుమ్మం దగ్గర పాత పుస్తకాల కొట్టు

రాజమహేంద్రవరం కోటగుమ్మం దగ్గర ఒక సందులో ఈ కొట్టు ఉంది. బోర్డు లేదు, ఎండకు వెలిసిన నీలం తలుపే గుర్తు. తణుకు నుంచి నెలకొకసారి రైలెక్కి వెళ్లి, రెండేళ్లుగా అక్కడ పుస్తకాలు కొంటున్నాను. కమ్యూనిస్టు సాహిత్యానికి ఇంత మంచి కొట్టును గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా నేను చూడలేదు.

లోపలి గదిలో గోడ పొడవునా మాస్కో ప్రగతి ప్రచురణాలయం వారి తెలుగు పుస్తకాలున్నాయి. గట్టి అట్ట, దారం కుట్టు, ఇన్నేళ్లయినా పేజీ ఊడలేదు. అరవై నుంచి నూట యాభై రూపాయల్లో దొరుకుతాయి. అయితే నన్ను కట్టిపడేసింది వాటిని సర్దిన తీరు. స్టాలిన్ పక్కన, లెనిన్ తర్వాత నాయకత్వం కోసం ఆయనతో తలపడి ఓడిన ట్రాట్‌స్కీ. ఆ పక్కన స్టాలిన్‌తో విభేదించిన బుఖారిన్, జర్మనీ విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్, చైనా నాయకుడు మావో. “ఎవరి తగాదా వారిది మాస్టారూ, నాకున్న అర ఒక్కటే” అంటారు కొట్టు పెద్దాయన. కొనకుండా గంటసేపు చదివినా ఏమీ అనరు.

మా ఇంట్లో గోడకు స్టాలిన్ పటం ఉండేది. 1953 మార్చిలో ఆయన పోయినప్పుడు నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదని నానమ్మ చెప్పేది. 1964లో ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ చీలింది. నాన్న ఒక పక్క, చిన్నాన్న ఇంకో పక్క. పొలాలు గట్టుకు గట్టు ఆనుకుని ఉన్నా, కాలువ నీటి వంతు కోసం తప్ప అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. కోపమొస్తే ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్న మాట ఒక్కటే: ట్రాట్‌స్కీయిస్టు, అంటే ట్రాట్‌స్కీ మనిషివని. ట్రాట్‌స్కీ రాసిన ఒక్క వాక్యమైనా ఇద్దరిలో ఎవరూ చదివి ఎరుగరు.

ఒకరోజు పెద్దాయన రెండు పుస్తకాలు తెరిచి నా ముందు పెట్టారు. రెంటిలోనూ ఒకటే ఫోటో. 1920 మే 5న మాస్కోలో, పోలండ్ యుద్ధానికి వెళ్లే సైనికులతో చెక్క వేదిక మీద నుంచి లెనిన్ మాట్లాడుతున్నాడు. ఒక పుస్తకంలో వేదిక పక్కన మెట్ల మీద ట్రాట్‌స్కీ, లెనిన్ సహచరుడు కామెనెవ్ నిలబడి ఉన్నారు. రెండో దానిలో వాళ్లు లేరు. ఆ రెండోది మా నాన్న దగ్గర ఉన్న పుస్తకమే. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో ఆ బొమ్మను! ఎర్రసైన్యాన్ని నిర్మించిన మనిషిని సైనికుల ముందు నుంచే తుడిచేశారన్న కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. రెండు పుస్తకాలూ కొన్నాను.

బయటి బల్ల మీద సాయంత్రాలు చర్చ సాగుతుంది. ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరైన పెద్దమనిషి స్టాలిన్ పక్షాన స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం దగ్గర మొదలుపెడతారు. 1943 ఫిబ్రవరిలో అక్కడ నాజీ సైన్యం లొంగిపోకపోతే మనం ఇలా కూర్చుని వాదించుకునేవాళ్లమా అని అడుగుతారు. స్టాలిన్ హయాంలో 1938లో కాల్చి చంపిన బుఖారిన్‌ను 1988లో నిర్దోషి అన్నది సోవియట్ ప్రభుత్వమే కదా అని ఒక కాలేజీ అధ్యాపకుడి జవాబు. స్టాలిన్‌ను ప్రధాన కార్యదర్శి పదవి నుంచి తప్పించమని లెనిన్ 1923 జనవరిలో చెప్పి రాయించిన మాటలు సోవియట్ ప్రజల ముందుకు 1956లో గానీ రాలేదని నేను గుర్తుచేస్తాను. అదే నోటితో 1921లో క్రాన్‌స్టాట్ నౌకాస్థావరంలో జరిగిన తిరుగుబాటు గురించీ అడుగుతాను. తిరగబడిన నావికులను అణచిన సైన్యానికి అధిపతి ట్రాట్‌స్కీయే. ఆయన అభిమానులు ఆ పేజీని గబగబా తిప్పేయడం నాకు నచ్చదు.

ఇది ఎక్కడో రష్యా వాళ్ల తగవు అనుకునేవాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులు మావో దారి, అంటే పల్లెల్లో రైతుల సాయుధ పోరాటం, మనకు సరిపోతుందన్నారు. మరుసటి ఏడాది పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే అచ్చులోనే మావోను ఖండించాడు. చివరికి ఏది సరైన దారో తేల్చుకోవడానికి పార్టీ నాయకులు రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. అడవుల్లో తుపాకులు పట్టుకుని నిలిచినవాళ్ల బతుకులు ఆ వాదాల మీద ఆధారపడ్డాయి. అందుకే ఆ బల్ల మీద గొంతులు లేస్తే నాకు తప్పనిపించదు.

లోపాలూ చెప్పాలి. వెనక గదిలో వెలుతురు చాలదు. వానాకాలం చెమ్మకు అడుగు అరలోని మావో సంపుటాలు అట్టలు ఉబ్బాయి. నేను కొన్న ఒక సంపుటిలో పదహారు పేజీలు లేవు. తిరిగి పట్టుకెళితే పెద్దాయన మారుమాట లేకుండా వేరే ప్రతి ఇచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూస్తారు, రైలు చూసుకుని బయలుదేరండి.

నాన్న లేరు. ఆ రెండు పుస్తకాలూ పట్టుకెళ్లి చిన్నాన్నకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని, మెట్ల మీద వేలు పెట్టి, ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకు చాలాసేపు చూశాడు. “రెండూ ఇక్కడే ఉంచిరా, వచ్చే నెల తీసుకుపోదువుగాని” అన్నాడు.