ర్యాంపా, గులేరా? కొత్త విమాన వాహక నౌకకు ఏది మేలు?

హనుమకొండలో మా అక్క కొడుకు ఎన్డీఏ పరీక్షకు చదువుతున్నాడు. మొన్న ఆదివారం అన్నానికి కూర్చున్నాడో లేదో మొదలుపెట్టాడు. "మామా, చైనా తన కొత్త నౌక ఫుజియాన్‌ మీద కరెంటు క్యాటపుల్ట్ పెట్టుకుంది. మనం ఇంకా ర్యాంపేనా? విక్రాంత్ తర్వాత కట్టేదానికైనా మారొద్దా?" కూర చల్లారింది గానీ వాదన తెగలేదు.

ముందు చోటు సంగతి. మన మామునూరు విమానాశ్రయంలో నిజాం కాలపు రన్‌వే చాలదని భూసేకరణ చేపట్టారు. సముద్రంలో ఎవరి భూమి అడుగుతాం? విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు, అందులో ఒక ముక్కలోనే విమానం లేవాలి. అందుకే కొసను 14 డిగ్రీలు పైకి వంచారు. చెరువు కట్ట ఏటవాలు మీదికి సైకిల్ జోరుగా తొక్కితే పైకి రాగానే చక్రాలు గాల్లోకి లేస్తాయే, ర్యాంపు కిటుకు అదే. క్యాటపుల్ట్ అయితే అచ్చం గులేరే. విమానాన్ని ముక్కు చక్రం దగ్గర పట్టుకుని రెండు సెకన్లలో గంటకు 260 కిలోమీటర్ల వేగంతో విసిరేస్తుంది.

ర్యాంపులో చెడిపోయే యంత్రమే లేదు, ఖర్చూ తక్కువ. కాకపోతే విమానం సొంత ఇంజిన్ బలంతోనే లేవాలి కాబట్టి ఇంధనమో ఆయుధాలో కొంత తగ్గించుకోవాలి. మావాడు దీన్నే పట్టుకున్నాడు. ఫైటర్ వరకైతే ఆ నష్టం భరించొచ్చంటాను. మన నౌకాదళానికి అమ్మజూపిన ఫ్రాన్స్ రఫేల్-ఎం, అమెరికా సూపర్ హార్నెట్ రెండూ 2022లో గోవాలో నేల మీద కట్టిన ర్యాంపు మీంచి ఎగిరి చూపించాయి. హార్నెట్ రెక్కలు మడతపడతాయి. రఫేల్‌వి పడవు, వెడల్పు 10.9 మీటర్లు, విక్రాంత్ లిఫ్టులోకి దించడమే ఒక తంటా. అయినా 2025 ఏప్రిల్‌లో సంతకాలు 26 రఫేల్‌లకే పడ్డాయి. వాయుసేన దగ్గర అప్పటికే 36 ఉన్నాయి, విడిభాగాలూ శిక్షణా కలిసొస్తాయి. నౌకాదళం దగ్గరున్న రష్యా ఫైటర్లు మిగ్-29కెలలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 38 శాతం కూడా లేవని 2016లో కాగ్ చెప్పాక, ఆ లెక్కను తప్పుపట్టలేం.

నా దృష్టిలో అసలు తేడా ఫైటర్‌లో లేదు, కళ్లలో ఉంది. మక్క చేనులో మంచె ఎందుకు వేస్తారు? ఎత్తు పెరిగితే చూపు పెరుగుతుంది. విక్రాంత్‌కు మంచె కామోవ్-31 రాడార్ హెలికాప్టర్, అది 3.5 కిలోమీటర్ల ఎత్తు దాటదు. ఫ్రాన్స్ వాళ్ల విమాన వాహక నౌక చార్లెస్ డి గాల్ బరువులో విక్రాంత్‌కు అటూ ఇటూగా ఉంటుంది గానీ, రెండు ఆవిరి క్యాటపుల్ట్‌లు ఉండబట్టి హాక్‌ఐ రాడార్ విమానాన్ని పంపగలదు. అది రెట్టింపు ఎత్తున, గంటల తరబడి కాపలా కాస్తుంది. ర్యాంపు మీద ఆ భోగం లేదు.

"అయితే ఆవిరిది పెట్టేద్దాం" అన్నాడు. ఆవిరి ఎక్కడిది? డి గాల్‌లో అణు రియాక్టర్ ఉంది. విక్రాంత్‌ను నడిపేవి నాలుగు గ్యాస్ టర్బైన్లు, బాయిలర్లు కావు. మన పాత విక్రాంత్‌కు ఆవిరి క్యాటపుల్ట్ ఉండేది. 1971లో ఒక బాయిలర్ పగుళ్లిచ్చినా చిట్టగాంగ్ మీదికి సీహాక్‌లను పంపింది, ఆ తెగువ వేరే కథ. ఇప్పుడు పెడితే కరెంటుదే పెట్టాలి. దానికి విద్యుత్తు దండిగా కావాలి, ఓపికా కావాలి. కరెంటు క్యాటపుల్ట్ ఉన్న అమెరికా నౌక ఫోర్డ్ 2017లో నౌకాదళంలో చేరినా, కొత్త యంత్రాల చికాకులు తీరి తొలిసారి మోహరింపుకు వెళ్లింది 2022లో.

కాబట్టి విక్రాంత్‌కు చెల్లెలిలాంటి 45,000 టన్నుల నౌక కడితే ర్యాంపు, రఫేల్ చాలు. డ్రాయింగులు ఉన్నాయి, పని తెలిసిన చేతులు కొచ్చిలో ఉన్నాయి. 65,000 టన్నులకు పోతేనే కరెంటు క్యాటపుల్ట్, అదీ రాడార్ విమానం కొనేట్టయితేనే. కానీ ఆ మాట మొదటి ఇనుప పలక కోయకముందే తేలాలి. బ్రిటన్ 2010లో, నౌకలు సగంలో ఉండగా క్యాటపుల్ట్ కావాలంది. ఖర్చు అంచనా రెట్టింపయ్యేసరికి 2012లో మళ్లీ ర్యాంపుకే వచ్చింది.

"మరి నేను పైలట్ అయ్యేసరికి ఏది ఉంటది మామా?"

"ర్యాంపే అల్లుడా. అన్నం తిను."