స్ప్రింగ్‌ఫీల్డ్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్: బూట్లు మరిచిపోతే సగం టికెట్ దండగ

వేసవి సెలవుల్లో బోస్టన్ నుంచి నయాగరాకి కారులో బయల్దేరే తెలుగు కుటుంబాలు మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ పక్కనుంచే పోతాయి. బోస్టన్‌కి 90 మైళ్లు, గంటన్నర ప్రయాణం. న్యూజెర్సీ నుంచి బోస్టన్ వెళ్లేవాళ్లు తీరం వెంబడి ఐ-95 హైవే పట్టుకోకుండా హార్ట్‌ఫర్డ్ మీదుగా ఐ-91లో వస్తే వాళ్లకీ దారిలోనే పడుతుంది. ఐ-91 మీద వెళ్తుంటే కనెక్టికట్ నది పక్కన పెద్ద వెండి గోళం కనిపిస్తుంది. అదే నైస్మిత్ మెమోరియల్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఈ ఆటలో మేటి అనిపించుకున్నవాళ్లకి చోటిచ్చి గౌరవించే మ్యూజియం. ఇప్పుడున్న భవనం 2002లో తెరిచారు.

ఇల్లంతటికీ కలిపి ఒక్కడికే బాస్కెట్‌బాల్ పిచ్చి ఉంటే, మిగతావాళ్లని ఇక్కడికి లాక్కురావడం న్యాయమేనా? న్యాయమే, రెండున్నర గంటలకి మించకపోతే. పిచ్చి ఉన్నవాళ్లకి ఐదుకి నాలుగున్నర ఇవ్వచ్చు. వాళ్ల వెంట వచ్చినవాళ్లకి మూడున్నర.

చూడాల్సింది పైనుంచి కిందికి. లిఫ్టులో 3 నొక్కండి (మన లెక్కలో అది రెండో అంతస్తే). గోపురం చుట్టూ సభ్యులైనవాళ్ల బొమ్మలు వరసగా ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే, పైనుంచి చూస్తే అడుగున కోర్టు కనిపిస్తుంది. పిల్లల కళ్లు దానిమీద పడ్డాయంటే మైకేల్ జోర్డాన్ అంతటి ఆటగాడి బొమ్మ చూపించినా తల తిప్పరు. అందుకని మొదటి అరగంటలోనే ‘ముందు ఇక్కడ ఐదుగురి పేర్లు కనిపెట్టండి, తర్వాతే బంతి’ అని బేరం కుదుర్చుకోండి. జోర్డాన్ 2009, యావ్ మింగ్ 2016, కోబీ బ్రయంట్ 2020 అని వాళ్లకి ఇక్కడ చోటు దొరికిన సంవత్సరాలు చెప్పి పంపితే వెతుకులాటే ఆటయిపోతుంది.

ఒక అలక మాత్రం తప్పదు: ‘స్టీఫెన్ కరీ ఎక్కడ?’ అతనింకా ఆడుతున్నాడు. ఆట మానేశాకే ఆటగాడికి ఇక్కడ చోటు. లెబ్రాన్ జేమ్స్ సంగతి మరీ తమాషా. 2008 ఒలింపిక్స్ గెలిచిన అమెరికా జట్టుకి 2025లో చోటిచ్చారు కాబట్టి జట్టులో ఒకడిగా వచ్చేశాడు, సొంత పేరు మీద ఇంకా రాలేదు. లెబ్రాన్ అభిమానికీ కరీ అభిమానికీ కారులో గంటసేపు గొడవపడ్డానికి ఇది చాలు. ఇది ఒక్క ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) మ్యూజియమే అనుకుని రావద్దు. ఆడవాళ్ల ఆట, కాలేజీ ఆట, కోచ్‌లు, రిఫరీలు, వేరే దేశాలవాళ్లు, అందరూ ఉంటారు.

ఆటతో పనిలేని అమ్మమ్మకీ తాతయ్యకీ నచ్చేది పుట్టుక కథ. 1891 డిసెంబరులో, చలికి బయట ఆడలేని కుర్రాళ్ల కోసం ఇదే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు ఈ ఆట కనిపెట్టాడు. పద్దెనిమిది అంగుళాల పెట్టెలు రెండు కావాలని అడిగితే, అవి లేవని పీచ్ పళ్ల బుట్టలు తెచ్చిచ్చారు. వాటిని వ్యాయామశాల బాల్కనీ పిట్టగోడకి కొట్టారు. అది నేలనుంచి పది అడుగుల ఎత్తుంది, అందుకే ఈ రోజుకీ రింగు ఎత్తు పది అడుగులే. బుట్టల అడుగుభాగం మూసి ఉండేది కాబట్టి బంతి పడ్డప్పుడల్లా తీయడానికి నిచ్చెన ఎక్కాలి. అయితే మొదటి ఆటలో పడింది ఒక్కటే గోలు, నిచ్చెనకి పెద్ద పని పడలేదు. నైస్మిత్ రాసిన 13 నియమాల అసలు కాగితాలు మాత్రం ఇక్కడ వెతక్కండి. 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకి అమ్ముడుపోయి, ఇప్పుడు కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఇక అడుగున ఉన్న కోర్టు. డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. రకరకాల ఎత్తుల్లో బుట్టలుంటాయి కాబట్టి చిన్నపిల్లలు పది అడుగుల రింగు కింద నిలబడి ఏడవక్కర్లేదు. ఇక్కడ తెలుగు కుటుంబాలు చేసే పొరపాటు ఒకటే: ఎండాకాలం కదా అని అందరూ చెప్పుల్లో దిగడం. చెప్పులతో పరిగెడితే చెక్క నేలమీద జారతారు, సాక్సులతో అయితే ఇంకా జారతారు. బూట్లు డిక్కీలో సామాను అడుగున కాకుండా పైన పెట్టుకోండి. చీర కట్టుకున్నవాళ్లకి ఫ్రీ త్రో సులువు, దానికి పరుగు అక్కర్లేదు. గీత దగ్గర నిలబడి, మోకాళ్లు కాస్త వంచి, బంతి కింద అరచెయ్యి కాకుండా వేళ్లు ఆనించి వదలమనండి. గీత నుంచి రింగు వెనక బోర్డుకి పదిహేను అడుగులు. మొదటిసారి విసిరేవాళ్ల బంతి దాదాపు ఎప్పుడూ ముందే పడిపోతుంది, ఎందుకంటే చేతులతోనే తోస్తారు, బలం మోకాళ్లనుంచి తీసుకోరు.

కోర్టుని పార్టీలకీ వేడుకలకీ అద్దెకిస్తారు. బయల్దేరేముందు ఫోన్ చేసి ఆ రోజు ఖాళీగా ఉందో లేదో కనుక్కోండి. మూసి ఉంటే పిల్లలకి మిగిలేవి అద్దాల వెనక బూట్లే.

షాపులో తెల్ల పలకలున్న బంతి కనిపిస్తే అది సంతకాలకి, ఆటకి కాదు. ఇండియాలో మేనల్లుడికి కొంటున్నారా? పదకొండేళ్ల లోపు పిల్లలకి 5వ నంబరు (చుట్టుకొలత 27.5 అంగుళాలు), ఆ వయసు దాటిన ఆడపిల్లలకీ, పన్నెండు-పద్నాలుగేళ్ల మగపిల్లలకీ 6, పదిహేనేళ్లు వచ్చిన కుర్రాళ్లకి 7. మన అపార్టుమెంట్ల సిమెంటు నేలకి రబ్బరు బంతే మేలు, లోపల ఆడే తోలు బంతి నెలలో నున్నగా అయిపోతుంది. సూట్‌కేసులో పెట్టేముందు పంపు సూదికి తడి అంటించి వాల్వులో గుచ్చి గాలి తీసేయండి. పొడిగా గుచ్చితే వాల్వు చిరిగి, అక్కడికెళ్లాక గాలి నిలవదు. సూదిని కూడా అదే పెట్టెలో పడేయండి, పంపు దొరికినా సరిపడే సూది దొరక్క బంతి అటక ఎక్కుతుంది.