జాంగో లాగిన్ వ్యవస్థ: పాస్‌వర్డ్‌కు కట్టుదిట్టమైన కాపలా, తెలుగు పేరుకు మూసిన తలుపు

మా గ్రంథాలయం వెబ్‌సైటులో సభ్యులు ఎవరికి వారే నమోదు చేసుకొని, లాగిన్ అయి, కావలసిన పుస్తకాన్ని ముందుగా కోరుకొనే వీలు కల్పించవలసి వచ్చినప్పుడు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి చట్రంలా పనికొచ్చే జాంగో ఫ్రేమ్‌వర్క్‌తో పాటే వచ్చే లాగిన్ వ్యవస్థను ఎంచుకున్నాను. అమెరికాలోని కాన్సాస్‌లో ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ఇది. నేను వాడినది 5.2 వెర్షన్.

పాస్‌వర్డ్‌లను భద్రపరిచే తీరే దీని అసలు బలం. సభ్యుడు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు ఎక్కడా దాచదు. దానికి యాదృచ్ఛికమైన కొన్ని అక్షరాలు కలిపి, పీబీకేడీఎఫ్2 అనే పద్ధతిలో 10,00,000 సార్లు మథించి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే డేటాబేస్‌లో ఉంచుతుంది. కంప్యూటర్ల వేగం పెరుగుతున్న కొద్దీ ఈ సంఖ్యనూ పెంచుతున్నారు, 5.1 వెర్షన్‌లో ఇది 8,70,000. వెర్షన్ మార్చిన తరువాత సభ్యుడు మళ్ళీ లాగిన్ అయినప్పుడు అతని పాత ఫలితం కొత్త లెక్క ప్రకారం తనంతట తానే మారిపోతుంది. ఇలాంటి పనిని సొంతంగా రాసుకోవాలని ఎవరైనా అంటే వద్దని గట్టిగా చెబుతాను. పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి పంపే లింకు మూడు రోజులు పనిచేస్తుంది; ఆ పేజీలో ఏ ఈమెయిల్ ఇచ్చినా ఒకే సమాధానం కనిపిస్తుంది కనుక, ఎవరు సభ్యులో బయటివారు దాని ద్వారా పసిగట్టలేరు.

లాగిన్, లాగౌట్, పాస్‌వర్డ్ మార్పు పేజీల వెనుక పని అంతా సిద్ధంగానే ఉంటుంది. మన రూపురేఖలు అద్దుకుంటే చాలు. నమోదుకు మాత్రం ఫారం ఉంది గాని పేజీ లేదు; ఆ కొద్ది వరుసలు మనమే రాసుకోవాలి. లాగౌట్‌ను మామూలు లింకుగా పెట్టమని చెప్పే పాత పాఠాలను నమ్మకండి, 5.0 నుంచి అది ఫారం బటన్‌తోనే జరగాలి.

ఇక నన్ను బాధపెట్టిన విషయం. యూజర్‌నేమ్‌లో ఏ భాష అక్షరాలైనా చెల్లుతాయన్నట్టు కనిపిస్తుంది గాని, కమల, రమణ అనే పేర్లను ఒప్పుకొనే ఈ ఫారం రవి, సీత, లక్ష్మి అనే పేర్లను తిరస్కరిస్తుంది. పేరును సరిచూసే సూత్రం పైథాన్ దృష్టిలో అక్షరాలు, అంకెలు అయినవాటితో పాటు నాలుగైదు చిహ్నాలనే అనుమతిస్తుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అనేవి అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్‌లో సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో వేరే వర్గానికి చెందినందువల్ల ఆ లెక్కలోకి రావు. తలకట్టు తప్ప మరే గుణింతమూ లేని పేరు మాత్రమే గట్టెక్కుతుంది. హిందీ పేర్లదీ ఇదే గతి. తన పేరును తన లిపిలో రాసుకున్న మనిషికి ‘సరైన పేరు ఇవ్వండి’ అని బదులు రావడం చిన్న లోపమని నేను అనుకోను.

దీనితో పాటు, ముందే అమర్చిన సభ్యుల పట్టికలో ఈమెయిల్ తప్పనిసరి కాదు, ఒకే ఈమెయిల్‌తో ఇద్దరు నమోదైనా అడ్డు చెప్పదు. అందుకే డేటాబేస్‌లో మొదటి పట్టిక తయారుకాకముందే సభ్యుల పట్టికలో ఏమేమి ఉండాలో చెప్పే మన సొంత యూజర్ మోడల్‌ను పెట్టుకోవాలి. సభ్యులు చేరిన తరువాత దాన్ని మార్చడం చాలా కష్టం. ఒకరు వరుసగా తప్పు పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూ పోతే ఆపే ఏర్పాటు కూడా ఇందులో లేదు. జాంగో-యాక్సెస్ (django-axes) వంటి అదనపు ప్యాకేజీని జోడించుకోవాలి.

నేను యూజర్‌నేమ్‌ను పూర్తిగా తీసివేసి, లాగిన్‌కు ఈమెయిల్‌నే ఆధారం చేశాను. మొదటి పేరు, చివరి పేరు అనే రెండు గడులు ఇంటిపేరు ముందుండే మన అలవాటుకు పొసగవు కాబట్టి, వాటి బదులు పూర్తి పేరుకు ఒకే గడి ఉంచాను. అందులో ఒత్తులతో, సున్నలతో సహా ఎవరి పేరు వారు రాసుకోవచ్చు.